శనక్కాయల నూనెలో కల్తీ: ఒక్క అంకె మేలా, ఎనిమిది అంకెలా?

కావలి దగ్గర గానుగలో ఆడించిన శనక్కాయల నూనెను అమ్మ ఫ్రిజ్‌లో పెట్టింది. తెల్లారేసరికి మబ్బు పట్టి చిక్కబడింది. "పామాయిల్ కలిపుంటారన్నా" అని చెల్లెలు తేల్చేసింది. అసలు శనక్కాయల నూనె కూడా చలికి చిక్కబడేదే. ఫ్రిజ్ పరీక్షను ఇక్కడితో వదిలేద్దాం.

ల్యాబులో పాత పద్ధతి అయోడిన్ విలువ. వంద గ్రాముల నూనె ఎన్ని గ్రాముల అయోడిన్‌ను పీల్చుకుంటుందో చూస్తారు. మన ప్రమాణాల్లో శనక్కాయల నూనెకు 85 నుంచి 99. ఖర్చు తక్కువ, కాలేజీ పిల్లలైనా చేయగలరు. చిక్కల్లా అది సగటు కావడమే. 58 దాకా ఉండే పామోలిన్ (పామాయిల్‌లో ద్రవంగా ఉండే భాగం), 130 దాకా ఉండే పొద్దుతిరుగుడు నూనె చెరిసగం కలపండి: 94. ఒక్క శనక్కాయ లేకుండానే పాసైపోతుంది!

గ్యాస్ క్రొమటోగ్రఫీ అలా మోసపోదు. నూనెలోని కొవ్వు ఆమ్లాలను తేలిగ్గా ఆవిరయ్యే మిథైల్ ఎస్టర్లుగా మార్చి యంత్రంలోకి పంపితే, ఒక్కోటీ తన వంతులో బయటికొచ్చి కాగితం మీద శిఖరం గీస్తుంది. పై మిశ్రమంలో పామిటిక్ ఆమ్లం 23 శాతం దగ్గర తేలుతుంది. శనక్కాయల నూనెలో అది 14 దాటదు. ఇక బెహెనిక్ ఆమ్లం మన నూనెలో కనీసం 1.5 శాతం ఉండాలి, ఇక్కడ అర శాతం కూడా రాదు.

అసలు తెలివైన కల్తీ ఇరవై శాతమే ఉంటుంది. అప్పుడు ఏ ఆమ్లం చూసినా హద్దులోనే కనిపిస్తుంది. పామిటిక్ పై అంచుకు చేరడం, బెహెనిక్ తగ్గడం రెండూ ఒకే సీసాలో జరిగాయని పట్టిచ్చేది, ఆమ్లాలన్నిటినీ కలిపి చూసే గణాంక పద్ధతి. ఇటలీ వాళ్లు 1983లో ఆలివ్ నూనెలు ఏ ప్రాంతానివో తేల్చడానికి ఇలాగే చూశారు: 572 నమూనాలు, ఎనిమిది ఆమ్లాలు, తొమ్మిది ప్రాంతాలు. ఐకోసెనోయిక్ ఆమ్లం ఒక్కటే దక్షిణాది నూనెలను విడదీసింది. మిగతావాటిలో సార్డీనియా, ఉత్తరాది తేడాను లినోలియిక్ చెప్పింది.

దీనికీ లొసుగులున్నాయి. ఆలివ్‌లో హేజల్‌నట్ నూనె కలిపితే ఆమ్లాల వరస దాదాపు ఒకేలా ఉంటుంది, నూనెలో కొద్దిగా ఉండే స్టెరాల్స్ లాంటి వేరే పదార్థాలు కొలవాలి. పోల్చుకోవడానికి మన ప్రాంతపు నికార్సైన నమూనాలు చాలా కావాలి. గిర్నార్-4 లాంటి, ఒలియిక్ ఆమ్లం ఎక్కువున్న శనక్కాయ రకం వేసిన రైతు నూనె అయోడిన్ విలువ 85 కిందికి జారొచ్చు. పాత రకాల నమూనాలతో పోలిస్తే నిజాయితీపరుడే దొంగవుతాడు.

టోకున కొనేవాళ్లకు నా ఓటు క్రొమటోగ్రఫీకే. అయోడిన్ పరీక్షలో తప్పితే అనుమానించండి గానీ, పాసైందని నమ్మకండి.

ఇంతకీ మా సీసా? బయటపెట్టిన కాసేపటికి తేటబడింది. అదీ రుజువేం కాదు. అప్పటికే అమ్మ చేపల పులుసుకు తిరగమాత వేసేసింది.