విజ్స్ సొల్యూషన్‌తో పందొమ్మిదేళ్లు: నూనెల ల్యాబ్ నుంచి ఒక సమీక్ష

మిక్సీకో, ఫోన్‌కో రివ్యూ రాస్తారు గానీ కెమికల్‌కి ఎవరు రాస్తారమ్మా అని మా అమ్మాయి నవ్వింది. నాకు మిక్సీ కంటే ఈ సీసాతోనే పరిచయం ఎక్కువ. కాకినాడ పోర్టు పక్కన వంటనూనెల రిఫైనరీలు చాలా ఉన్నాయి. వాటిలో ఒకదాని ల్యాబ్‌లో పందొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. వచ్చిన ప్రతి ట్యాంకర్‌కీ అయోడిన్ వాల్యూ, అంటే మా భాషలో ఐవీ, తీయాలి. ఆ ఐవీ తీసేది విజ్స్ సొల్యూషన్‌తో.

అంబర్ సీసాలో నారింజ కలిసిన గోధుమ రంగులో ఉంటుంది. అయోడిన్ మోనోక్లోరైడ్‌ని గ్లేషియల్ (అంటే నీళ్లు లేని) ఎసిటిక్ యాసిడ్‌లో కలిపితే వచ్చేది ఇదే. అయోడిన్, క్లోరిన్ రెండూ హాలోజన్లే, ఒకే గోత్రం. సగోత్రీకులకి సంబంధాలు కలుపుకోకూడదని మనకున్న పట్టింపు వాటికి లేదు. 1814లోనే ఫ్రాన్స్‌లో గే-లుసాక్ ఈ జంటని తయారుచేశాడు. నూనెల పరీక్షకి దీన్ని వాడే పద్ధతి డచ్ రసాయన శాస్త్రవేత్త విజ్స్‌ది, 1898 నాటిది. అంతకు ముందు 1884లో హ్యూబల్ పెట్టిన పద్ధతిలో అయోడిన్‌తోపాటు మెర్క్యురిక్ క్లోరైడ్, అంటే పాదరసం విషం, కలపాల్సి వచ్చేది. ఆ రోజుల్లో ఈ ఉద్యోగం చేయనందుకు సంతోషం.

ఈ జంటే ఎందుకంటే, నూనెలో ఉండే డబుల్ బాండ్లని, అంటే కార్బన్ల మధ్య జంట బంధాలని, లెక్కపెట్టాలి. అయోడిన్ ఒక్కదాన్నే వేస్తే అది బద్ధకస్తురాలు. సరిగ్గా అతుక్కోదు, అతుక్కున్నా ఊడి వచ్చేస్తుంది. క్లోరిన్ ఒక్కదాన్నే వేస్తే దానికి ఆవేశం ఎక్కువ. డబుల్ బాండ్ దగ్గర ఆగకుండా పక్కనున్న హైడ్రోజన్లని కూడా పీకి వాటి చోట కూర్చుంటుంది, లెక్క పాడవుతుంది. రెంటినీ ముడివేస్తే క్లోరిన్ ఎలక్ట్రాన్లని కొంత తన వైపు లాక్కుంటుంది, అయోడిన్ కొంచెం పాజిటివ్ అవుతుంది. ఆ పాజిటివ్ కొసే వెళ్లి డబుల్ బాండ్‌ని పట్టుకుంటుంది, వెనకాలే క్లోరైడ్ వచ్చి రెండో చేయి పట్టుకుంటుంది. ఒక డబుల్ బాండ్‌కి ఒక అణువు, అంతే లెక్క. వంద గ్రాముల నూనె ఎన్ని గ్రాముల అయోడిన్‌కి సమానమైన హాలోజన్ తాగిందో అదే ఐవీ. కొబ్బరినూనె 7.5 నుంచి 10 దాకా తాగుతుంది, వేరుశనగ నూనె 85 నుంచి 99 దాకా. అవిసె నూనె 170 కూడా దాటుతుంది.

ఇప్పుడు అసలు వాడకం సంగతి.

చేరిన కొత్తలో మా సీనియర్ సార్ సొల్యూషన్ కొనేవారు కాదు, చేయించేవారు. లీటరు గ్లేషియల్‌లో 13 గ్రాముల అయోడిన్ కరిగించి, దాని హైపో రీడింగ్ (అయోడిన్‌ని కొలిచే సోడియం థయోసల్ఫేట్ ద్రావణం ఎంత పట్టిందో ఆ అంకె) రాసుకుని, ఆ రీడింగ్ రెట్టింపు కావడానికి కాస్త ముందు దాకా పొడి క్లోరిన్ వాయువు పంపాలి. రెట్టింపు అయిందంటే అయోడిన్ మొత్తం మోనోక్లోరైడ్ అయిందని అర్థం. అది దాటితే ట్రైక్లోరైడ్ పుడుతుంది, అది అక్కర్లేని చోట క్లోరిన్ పెడుతుంది. అందుకే ఎప్పుడూ చిటికెడు అయోడిన్ మిగిలి ఉండేలా చూడమనేవారు. ఉప్పు తక్కువైతే వేసుకోవచ్చు, ఎక్కువైతే తీయలేం కదమ్మా అనేవారు. ఇప్పుడు రెడీమేడ్ సీసాలే తెప్పిస్తున్నాం. సుఖంగా ఉంది గానీ, ముదురు గోధుమ రంగు చూస్తుండగా నారింజలోకి తిరిగే ఆ క్షణం మాత్రం సీసా కొనుక్కుంటే రాదు.

ద్రావణం కాకుండా అసలు అయోడిన్ మోనోక్లోరైడ్ కూడా చిన్న సీసాలో ఒకటి ఉండేది. దాని కరిగే ఉష్ణోగ్రత 27.2 డిగ్రీలు. కాకినాడ వాతావరణానికి అది ఎలాంటి నంబరో ఆలోచించండి. ఏసీ గదిలో కెంపు రంగు సూదుల్లా గడ్డకట్టి ఉంటుంది. కరెంటు పోయి అరపూట ఏసీ ఆగితే, ఎర్రటి చిక్కటి ద్రవం. సంక్రాంతి రోజుల్లో పొద్దున్నే ఏసీ లేకపోయినా గడ్డే. లోపల అది ఏ రూపంలో ఉందో చూస్తే బయట ఎండ ఎంతుందో చెప్పొచ్చని మా అటెండర్ బాబాయ్ జోక్. పైగా దీనికి ఇంకో స్ఫటిక రూపం ఉంది, అది 13.9 డిగ్రీలకే కరుగుతుంది. ఆ రెండో రూపం నేనెప్పుడూ చూడలేదు, మా ఊళ్లో అంత చలి ఎక్కడిది.

కరిగినప్పుడు చూస్తే అచ్చం బ్రోమిన్. బరువు కూడా దగ్గర దగ్గరే, బ్రోమిన్ అణుభారం 159.8, దీనిది 162.4. జర్మనీలో లీబిగ్ అంతటివాడు ఇక్కడే బోల్తాపడ్డాడు. క్రూయిత్స్‌నాఖ్ ఉప్పు ఊటల నుంచి వచ్చిన ఒక ద్రవాన్ని అయోడిన్ క్లోరైడ్ అనుకుని సీసాకి ఆ పేరే రాసి పక్కన పెట్టాడు. 1826లో ఫ్రాన్స్‌లో బలార్ బ్రోమిన్ అనే కొత్త మూలకాన్ని ప్రకటించాక తెలిసింది, తన బీరువాలో ఉన్నదీ అదేనని. లేబుల్ రాసేముందు రెండుసార్లు చూడమని కొత్తగా చేరిన పిల్లలకి చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి కథ దొరకలేదు.

ఇక నన్ను బాగా ఏడిపించిన విషయానికి వస్తాను. చేరిన మూడో ఏడో నాలుగో ఏడో, మే నెల. వేరుశనగ నూనె ట్యాంకర్ వచ్చింది. మధ్యాహ్నం షిఫ్టులో ఐవీ 100 దాటింది. పరిమితి 99. సరఫరాదారు ఒప్పుకోలేదు, తను పంపిన ల్యాబ్‌లో 98 వచ్చిందన్నాడు. మళ్లీ చేశాం, మళ్లీ 100 పైనే. సన్‌ఫ్లవర్ కలిపారని మావాళ్లు, మీకు టెస్ట్ చేయడం రాదని వాళ్లు. గేటు బయట ట్యాంకర్ రెండు రోజులు ఎండలో నిలబడింది. నాకు టెన్షన్‌తో అన్నం సయించలేదు. మూడో రోజు పొద్దున ఏడింటికి అదే శాంపిల్ చేస్తే 98!

దొంగ నూనెలో లేడు, గ్లేషియల్‌లో ఉన్నాడు. ఎసిటిక్ యాసిడ్ వేడికి బాగా వ్యాకోచిస్తుంది, డిగ్రీకి వెయ్యింట ఒక వంతుకి పైనే. నూనె తాగగా మిగిలిన హాలోజన్‌ని హైపోతో కొలిచి, బ్లాంక్‌లోంచి, అంటే నూనె వేయకుండా చేసిన అదే పరీక్ష రీడింగ్‌లోంచి, తీసేస్తే నూనె తాగింది తెలుస్తుంది. మేం ఆ బ్లాంక్ పొద్దున 25 డిగ్రీల దగ్గర ఒక్కసారి తీసి, అదే అంకె రోజంతా వాడుకునేవాళ్లం. మధ్యాహ్నం ఏసీ చాలక సీసా 33కి చేరేది. అప్పుడు పిపెట్‌తో తీసిన 25 మిల్లీలీటర్లలో అసలు సరుకు దాదాపు 0.2 మిల్లీలీటర్ల మేర తక్కువ. మా హైపో గాఢత విజ్స్‌లో సగమే కాబట్టి, హైపోలో చూస్తే అది 0.4 మిల్లీలీటర్లు. పావు గ్రాము నూనె మీద లెక్క కడితే ఐవీ రెండు పాయింట్లు పెరిగి కనపడుతుంది. నూనె తాగని హాలోజన్‌ని కూడా నూనె ఖాతాలోనే రాసేశాం మేం. ట్యాంకర్ దించుకున్నాం, సారీ కూడా చెప్పాం. అప్పటినుంచి ప్రతి బ్యాచ్‌కీ దాని పక్కనే దాని బ్లాంక్. ఎండాకాలం సీసాని ఉపయోగించే ముందు 25 డిగ్రీల నీళ్లలో కాసేపు ఉంచుతాం.

నీళ్లన్నాను కాబట్టి చెప్తున్నాను, నీళ్లు బయటే ఉండాలి, లోపలికి రాకూడదు. కడిగిన అయోడిన్ ఫ్లాస్క్ ఆరకుండా వాడితే అయోడిన్ మోనోక్లోరైడ్ విరిగి అయోడిన్, అయోడిక్ ఆమ్లం, హైడ్రోక్లోరిక్ ఆమ్లంగా మారుతుంది. ఇందులో మోసం ఏమిటంటే, చివర్లో పొటాషియం అయొడైడ్ వేయగానే ఆ అయోడిక్ ఆమ్లం కూడా అయోడిన్‌గా తేలిపోతుంది, కాబట్టి బ్లాంక్ రీడింగ్ ఎప్పటిలాగే వస్తుంది. అంతా బాగానే ఉందనుకుంటాం. నూనె మాత్రం సరిగ్గా తాగదు, ఐవీ తగ్గుతుంది. వానాకాలంలో ఐవీ విచిత్రంగా పడిపోతే నేను ముందు ఓవెన్‌లో ఫ్లాస్కులు ఎంతసేపు పెట్టారని అడుగుతాను.

చీకట్లో ఉంచే టైం విషయంలో బేరాలు వద్దు. మేం వేరుశనగకి అరగంట, అవిసెకి గంట పెడతాం. లారీ డ్రైవర్ తొందరపడుతున్నాడని ఇరవై నిమిషాలకే తీసిన రీడింగ్‌ని నేను నమ్మను. టైట్రేషన్‌లో, అంటే బ్యూరెట్ నుంచి హైపో బొట్టుబొట్టుగా వేసి కొలిచేటప్పుడు, స్టార్చ్ ముందే వేయకండి, లేత పసుపుకి వచ్చాకే. నీలం పోయింది కదా అని బ్యూరెట్ కట్టేసి వెళ్లిపోకుండా మూత పెట్టి గట్టిగా ఊపండి, నూనె పొరలో దాక్కున్న అయోడిన్ బయటికొచ్చి మళ్లీ నీలం చూపిస్తుంది. మొదట్లో కార్బన్ టెట్రాక్లోరైడ్ వాడేటప్పుడు ఆ పొర అడుగున ఉండేది. ఓజోన్ పొరకి చేటని మాంట్రియల్ ఒప్పందం కింద అది పోయింది. ఇప్పుడు సైక్లోహెక్సేన్, పొర పైకి తేలుతుంది. పాత అలవాటుతో నేను కొన్నాళ్లు అడుగుకే చూస్తూ ఉండిపోయాను.

ఐదుకి నాలుగు ఇస్తాను. ఒకటి తగ్గించడం వేళ్లకి పట్టిన గోధుమ మరకల కోసం కాదు, అది గ్లవ్స్ వేసుకోని నా తప్పు. రబ్బరు బల్బులని తినేస్తుంది, పక్కనే పెట్టిన బ్యాలెన్స్‌కి తుప్పు పట్టిస్తుంది, ఫ్యూమ్ హుడ్ ఆగితే గొంతు మండిస్తుంది. వీటన్నిటినీ భరిస్తాను. నా అసలు ఫిర్యాదు, ఇది ఒక్క అంకె చెప్పి ఊరుకుంటుంది. ఐవీ 58 ఉన్న పామోలిన్, 128 ఉన్న సన్‌ఫ్లవర్ సగం సగం కలపండి, 93 వస్తుంది. నిక్షేపంలాంటి వేరుశనగ నూనె అంకె! ఆముదానిదీ 82 నుంచి 90 దాకా ఉంటుంది. డబుల్ బాండ్లు ఎన్నో చెబుతుంది గానీ ఎవరివో చెప్పదు. కల్తీ పట్టాలంటే నూనెలోని కొవ్వు ఆమ్లాలని విడదీసి చూపే గ్యాస్ క్రొమటోగ్రఫీకి పంపాల్సిందే. ఈ సీసా మాత్రమే చాలని ఎవరైనా అంటే నమ్మకండి.

హేనస్ సొల్యూషన్ కూడా రెండేళ్లు వాడి చూశాను. అందులో క్లోరిన్ బదులు బ్రోమిన్, అయోడిన్ మోనోబ్రోమైడ్. చేసుకోవడం తేలిక, నిలవ కూడా ఎక్కువ. కాలేజీ ల్యాబ్‌కి అది చాలు. కానీ రీడింగ్ కొంచెం కిందికి వస్తుంది, కొనేవాడూ అమ్మేవాడూ వేరే వేరే పద్ధతులు వాడితే మళ్లీ గేటు దగ్గర గొడవే. అందుకే విజ్స్‌కే తిరిగొచ్చాం. మొన్న ఎన్ఐఆర్ మిషన్ (ఇన్‌ఫ్రారెడ్ కాంతితో కొలిచేది) పెట్టారు, నిమిషంలో ఐవీ చూపిస్తుంది. దానికి నేర్పడానికి నాలుగు వారాలు కూర్చుని విజ్స్‌తో తీసిన అంకెలే ఎక్కించాం. ఇప్పటికీ మిషన్ అనుమానంగా ఏదైనా చూపిస్తే బాబాయ్ అడగకుండానే సీసా తెచ్చి బల్ల మీద పెడతాడు.

కొనేవాళ్లకి చివరిగా. మన దేశానికి అయోడిన్ ఎక్కువగా చిలీ, జపాన్‌ల నుంచే రావాలి కాబట్టి ఇది చవకది కాదు. పెద్ద సీసా కొని ఏడాది వాడదామనుకోకండి, తెరిచిన తేదీ మూత మీదే రాయండి. మిగిలిపోయింది ఊరికే సింకులో పోయకూడదు. పాత బకెట్‌లో హైపో నీళ్లు కలిపి, రంగు పూర్తిగా పోయేదాకా కలియబెట్టి, తర్వాత వేస్ట్ డబ్బాలోకి. ఆ పని మాత్రం ఫ్యూమ్ హుడ్ కిందే, కిటికీ తెరిచి ఉంది కదా అని బయట కాదు.