గేర్ బాక్సులో సింథటిక్ ఆయిల్: ఏ లారీకి గిట్టుబాటు?

వాడపల్లి సిమెంటు లోడుకు తిరిగే మా లారీలో సింథటిక్ (రసాయనికంగా తయారుచేసే) గేర్ ఆయిల్, మిర్యాలగూడ రైస్ మిల్లుల చుట్టూ తిరిగే పాత లారీలో మామూలు ఆయిల్ ఏళ్లుగా పోయిస్తున్నాను. నా తీర్పు ముందే చెప్తాను: సిమెంటు బండి మీద పెట్టిన పైసలు తిరిగొచ్చాయి, మిల్లు బండికైతే రావు.

సిమెంటు బండి గేర్ బాక్సులో 9 లీటర్ల దాకా పడుతుంది. మామూలు 80డబ్ల్యూ-90 (ఇది చిక్కదనం గ్రేడు) లీటరు 300కు వస్తే, సింథటిక్ 75డబ్ల్యూ-90కి 650 పెట్టాను. ఒక్కసారికి 3,000 పైచిలుకు తేడా. కానీ మామూలుది 40,000 కిలోమీటర్లకే దించేవాళ్లం, ఇది 80,000 నడిచింది, అదీ బండి కంపెనీ ఇచ్చిన మాన్యువల్ పుస్తకం ఒప్పుకున్న హద్దులోనే. ఆయిల్ ధర వరకు చూస్తే దాదాపు సరికి సరి. మిగిలేది ఒకసారి మెకానిక్ కూలి, బండి షెడ్డులో నిలబడితే పోయే కిరాయి. నెలనెలా కిస్తీ కట్టే బండికి ఆ కిరాయే పెద్దది.

అసలు తేడా ఎండాకాలంలో తెలిసింది. మే నెలలో నిండు లోడుతో నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీద నడిచే బండికి గేర్ బాక్సు చల్లబడే తీరికే ఉండదు. ఇదివరకు మామూలు ఆయిల్ దించితే నల్లగా, మాడు వాసనతో వచ్చేది. డ్రెయిన్ ప్లగ్గు (ఆయిల్ దించే బిరడా) మాగ్నెట్‌కు ముద్దతో పాటు వేలికి గుచ్చుకునే రజను ఉండేది. సింథటిక్ దించినరోజు రంగు మారింది గానీ మాడు వాసన లేదు. మాగ్నెట్‌కు పల్చటి బూడిదరంగు ముద్ద, అంతే. మా డ్రైవరు నోట ఒక్కటే మాట: "సేట్, మధ్యాహ్నం పూట గూడ మూడో గేరు సప్పుడు చేస్తలేదు."

75డబ్ల్యూ అని చూసి మురిసిపోయేది లేదు. డబ్ల్యూ ముందున్న అంకె చలి లెక్క: 80డబ్ల్యూను మైనస్ 26 డిగ్రీల దగ్గర, 75డబ్ల్యూను మైనస్ 40 దగ్గర పరీక్షిస్తారు. నల్లగొండలో అంత చలి ఎక్కడిది? వెనకున్న 90 అనేది 100 డిగ్రీల వేడిలో చిక్కదనం, రెండింటికీ అదే. మనం అదనంగా డబ్బులిచ్చేది ఆ వేడిలో తొందరగా పాడవకుండా ఉండే గుణానికి.

మైలేజీ పెరుగుతుందని షాపులో చెప్తారు. నాకైతే కనబడలేదు. టైర్లలో గాలి తగ్గితే పడే తేడా ముందు అది లెక్కలోకే రాదు.

ధర కన్నా ముందు చూడాల్సింది జీఎల్ నంబరు, అంటే గేర్ ఆయిల్ ఏ రకం పనికి తగిందో చెప్పే డబ్బా మీది గ్రేడు. క్రౌన్‌కు (వెనక ఇరుసులోని గేర్లకు) తెచ్చిన జీఎల్-5 డబ్బాలో మిగిలిందే గేర్ బాక్సులో కూడా పోసే షెడ్లు ఉన్నాయి. మాన్యువల్ జీఎల్-4 అడిగితే అదే పోయించండి. జీఎల్-5లో గంధకం, భాస్వరం కలిసిన మందు ఎక్కువ, కొన్ని రకాలు గేరు సాఫీగా పడేలా చేసే ఇత్తడి సింక్రోనైజర్ రింగులను తినేస్తాయి. అట్లాంటిది ఎంత ఖరీదైన సింథటిక్ అయినా నష్టమే.

మిల్లు బండికి కూడా ఒకసారి సింథటిక్ పోయించి చూశాను. ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్ బాక్సు నుంచి వెనక ఇరుసుకు పోయే కడ్డీ) దగ్గరి వెనక సీలు అప్పటికే గట్టిపడి ఉంది, కొన్నాళ్లకే ఆయిల్ కారడం మొదలైంది. రోజుకు కొద్ది కిలోమీటర్లు తిరిగే బండి అది, 80,000 ఎప్పటికి దాటాలి? పాత బండిలో పోయించాలనే ఉంటే ముందు సీలు మార్పించండి, బ్రీదర్‌లో (గేర్ బాక్సుకు గాలి ఆడే రంధ్రంలో) మట్టి తీయించండి. అది మూసుకుపోతే లోపలి ఒత్తిడికి కొత్త సీలు కూడా ఆగదు.