ఇంటి దగ్గరి పొగమంచుకి ఏ లెన్స్ అంటే నా ఓటు 70-200 ఎఫ్/4కే

పొగమంచులో కొండలు, చెరువులు, చిత్తడి నేలలు తీద్దామనుకునేవాళ్లలో చాలామంది ముందు వైడ్ లెన్స్ (ఎక్కువ మేర ఒకేసారి పట్టేది) కోసం వెతుకుతారు. నా అభిప్రాయం దానికి పూర్తిగా ఎదురు. ఎక్కడికో ప్రయాణం కట్టకుండా ఇంటికి దగ్గర్లో, రోజూ చూసే చోట్లనే మంచులో తీయాలంటే వైడ్ కన్నా టెలి జూమ్ (దూరపువాటిని దగ్గరగా చూపేది) ఎక్కువ పనికొస్తుంది, అందులోనూ బరువు తక్కువున్న టెలి జూమ్. నేను వాడేది కానన్ ఈఎఫ్ 70-200 ఎంఎం ఎఫ్/4ఎల్ ఐఎస్ యూఎస్ఎం (ఎంఎం అంకె పెరిగేకొద్దీ దూరపువి పెద్దగా కనిపిస్తాయి, ఎఫ్ అంకె తగ్గేకొద్దీ ఎక్కువ వెలుగు లోపలికి వస్తుంది, ఐఎస్ అంటే చేతి వణుకుని తగ్గించే ఏర్పాటు). 2006లో వచ్చింది, అంటే లెన్స్‌ల లెక్కలో పాతదే, కానీ ఈ పనికి నాకు ఇంతకన్నా నచ్చిన లెన్స్ ఇంకోటి లేదు. ఆటలకి, పోర్ట్రెయిట్లకి ఎలా ఉంటుందో ఇక్కడ రాయడం లేదు, ఈ రివ్యూ మొత్తం మంచు గురించే.

ఇంటి దగ్గరి చోట్లతో వచ్చే ఇబ్బంది ఏంటంటే అక్కడ మనకి కావలసినదానితో పాటు అక్కర్లేనివి కూడా బోలెడు ఉంటాయి. కరెంటు తీగలు, సెల్ టవర్, రోడ్డు, ఎవరిదో గోడ. మంచు వీటిలో సగం దాచేస్తుంది, మిగతా సగం మనం ఫ్రేములోంచి తప్పించాలి. వైడ్ లెన్స్ అన్నిటినీ లోపలికి లాక్కుంటుంది. ఈ జూమ్‌కి ఫుల్ ఫ్రేమ్ (36x24 ఎంఎం సెన్సర్ ఉన్న) కెమెరా మీద 70 దగ్గర మూల నుంచి మూలకి 34 డిగ్రీలు, 200 దగ్గర 12 డిగ్రీల పైచిలుకు మాత్రమే కనిపిస్తుంది, కాబట్టి రెండు అడుగులు పక్కకి జరిగితే చాలు, స్తంభం పోయి చెట్టు మిగులుతుంది. అదే చెరువు గట్టు మీద నిలబడి నాలుగు వైపులా నాలుగు వేరే వేరే ఫోటోలు తీయగలగడం దీనివల్లే.

ఇంకో కారణం కొండలు. మంచులో దూరం వెళ్లేకొద్దీ రంగు, కాంట్రాస్టు మెట్లుమెట్లుగా తగ్గుతాయి: దగ్గరి వరస ముదురుగా, దాని వెనకది బూడిద రంగులో, ఆ వెనకది ఉందా లేదా అన్నట్టు. కంటికి అది ఎంతో పెద్దగా అనిపిస్తుంది, 24 ఎంఎంలో తీసి చూస్తే ఫోటో నడుమ సన్నటి గీత, పైన ఆకాశం, కింద ఖాళీ నేల. 150, 200 దగ్గర అవే వరసలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఫ్రేమ్ నిండా వస్తాయి. ఈ పేర్పు నిజానికి లెన్స్ చేసేది కాదు, మనం దూరంగా నిలబడటం వల్ల వచ్చేది, లెన్స్ ఆ దూరపు ముక్కని మాత్రం కోసి పెద్దగా ఇస్తుంది. చైనాలో సాంగ్ రాజుల కాలపు చిత్రకారుడు మీ ఫూ (1051-1107) మంచు కప్పిన కొండలకి పేరుపొందాడు. ఆ సంప్రదాయపు బొమ్మల్లో మంచు ఉన్నచోట చాలాసార్లు అసలు ఏమీ వేయరు, పట్టునో కాగితాన్నో ఖాళీగా వదిలేస్తారు, కొండ శిఖరం ఆ ఖాళీలోంచి పైకి లేస్తుంది. టెలిఫోటోతో మంచులో ఫ్రేమ్ కట్టేటప్పుడు నాకు ఎప్పుడూ ఆ బొమ్మలే గుర్తొస్తాయి, ఫ్రేములో సగం తెల్లగా వదిలేయడానికి ధైర్యం వాటివల్లే వచ్చింది.

ఇక బరువు. 760 గ్రాములు. ఇదే కంపెనీ 70-200 ఎఫ్/2.8 ఐఎస్ రెండో వెర్షన్ 1490 గ్రాములు, అంటే దాదాపు రెట్టింపు. మంచు ముందే చెప్పి రాదు, తెల్లవారుజామున లేచి కిటికీలోంచి చూసి, ఉంటే పరిగెత్తాలి, లేకపోతే మళ్లీ పడుకోవాలి. అలాంటి పనికి భుజం నొప్పెట్టే లెన్స్ పెట్టుకుంటే వారం తిరిగేసరికి బ్యాగులోనే ఉండిపోతుంది. పైగా ల్యాండ్‌స్కేప్‌కి 2.8 ఎందుకు? నేను ఎక్కువగా ఎఫ్/8 దగ్గరే ఉంటాను. ఎఫ్/8లో 200 ఎంఎం పెట్టి ఫుల్ ఫ్రేమ్ మీద సుమారు 165 మీటర్ల దూరంలో ఫోకస్ చేస్తే దాదాపు 83 మీటర్ల నుంచి అనంతం దాకా చూడ్డానికి సరిపడా షార్ప్‌గా వస్తుంది, 70 దగ్గరైతే 20 మీటర్లకి ఫోకస్ చేస్తే పది మీటర్ల నుంచే. అవతలి ఒడ్డు చెట్లు, వాటి వెనక కొండ ఒకే ఫ్రేములో కావాలంటే ఇంతకు మించి అక్కర్లేదు.

అసలు ఎప్పుడు బయల్దేరాలో తెలిస్తే లెన్స్ విలువ ఇంకా బాగా తెలుస్తుంది. రాత్రి ఆకాశం తేటగా ఉండి, గాలి దాదాపు లేకుండా, నేల తడిగా ఉంటే తెల్లారేసరికి పల్లపు ప్రాంతాల్లో మంచు పడే అవకాశం బాగా ఎక్కువ. నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేసి చల్లబడుతుంది, దాన్ని ఆనుకున్న గాలి కూడా చల్లబడి, అందులోని తేమ సన్నటి నీటి బొట్లుగా మారుతుంది. వాతావరణ యాప్‌లో ఉష్ణోగ్రత, డ్యూ పాయింట్ (గాలిలోని తేమ బొట్లుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) రెండూ పక్కపక్కన చూడండి, రాత్రి గడిచేకొద్దీ అవి దగ్గరవుతుంటే అలారం పెట్టుకోవచ్చు. చెరువుల మీద లేచే ఆవిరి లాంటి మంచు వేరు. అది నీళ్లు ఇంకా వెచ్చగా ఉండి పైన గాలి బాగా చల్లబడినప్పుడు వస్తుంది, అందుకే చలికాలం మొదలయ్యే రోజుల్లో ఎక్కువ. చిత్తడి నేలల్లో లోతు తక్కువ నీళ్లు, తడి మట్టి, పల్లం అన్నీ కలిసి ఉంటాయి కాబట్టి పక్కన రోడ్డు మీద ఏమీ లేని రోజు కూడా అక్కడ మోకాలి ఎత్తున పొర నిలిచి ఉంటుంది. నాకు అన్నిటికన్నా ఇష్టం అదే.

తీసే తీరు కూడా మంచుతో పాటే మారుతుంది, జూమ్ అందుకు సరిపోతుంది. మంచు చిక్కగా ఉన్నంతసేపూ దూరం వైపు చూడ్డం దండగ, దగ్గర్లో ఉన్న జమ్ము గడ్డి, నీళ్లలోంచి లేచిన ఒంటరి కొయ్య, గట్టు మీద చెట్టు, వీటి మీద పని చేయాలి. ఎండ తగిలి మంచు విడిపోయేటప్పుడు అసలు పని మొదలవుతుంది. ఒక్కో నిమిషం ఒక్కో చెట్టు బయటపడుతుంది, మళ్లీ మాయమవుతుంది, ఒక కొండ భుజం మాత్రమే కనిపిస్తుంది. ఆ కాసేపట్లో లెన్స్ మార్చుకుంటూ కూర్చోలేం, తడి గాలిలో మార్చకపోవడమే కెమెరాకి కూడా మంచిది. 70 నుంచి 200 దాకా ఒక్క తిప్పులో పోవడం అప్పుడు ఎంత సుఖమో మాటల్లో చెప్పలేను.

ఫోకస్ దగ్గర మాత్రం జాగ్రత్త కావాలి. ఆటోఫోకస్‌కి కాంట్రాస్టు కావాలి, మంచులో లేనిదే అది. మధ్యలో తెల్లటి ఖాళీ మీద పాయింట్ పెడితే ఏ లెన్స్ అయినా ముందుకీ వెనక్కీ వెతుక్కుంటుంది. చెట్టు మొదలు అంచు మీదో, నీళ్లూ గట్టూ కలిసే గీత మీదో పెడితే ఇది చప్పుడు లేకుండా, వెంటనే పట్టుకుంటుంది. పక్కన ఒక స్విచ్ ఉంది, దాన్ని 3 మీటర్ల నుంచి అనంతం అన్నచోట పెడితే అనవసరంగా దగ్గరకి వెతకదు, మంచులో అది చాలా ఉపయోగం. అదీ కుదరనప్పుడు లైవ్ వ్యూలో (కెమెరా వెనక స్క్రీన్ మీద చూస్తూ) పదింతలు పెద్దది చేసి చేత్తో తిప్పుకోవడమే, ఆటోఫోకస్ స్విచ్ మార్చకుండానే రింగ్ తిప్పొచ్చు.

ఎక్స్‌పోజర్ గురించి కూడా ఒక మాట, ఎందుకంటే ఇది తెలియక చాలామంది లెన్స్‌ని తిడతారు. కెమెరా మీటర్ ఎదురుగా ఉన్నదాన్ని మధ్యస్థపు బూడిద రంగుగా అనుకుని లెక్క వేస్తుంది, ఫ్రేమ్ అంతా తెల్లటి మంచైతే దాన్ని కూడా బూడిదగా మార్చేస్తుంది. ఫోటో మురికిగా, దిగులుగా వస్తుంది. ప్లస్ ఒకటి దాకా కాంపెన్సేషన్ (కెమెరా లెక్క కన్నా ఎక్కువ వెలుగు) ఇచ్చి, హిస్టోగ్రామ్ (ఫోటోలో వెలుగునీడలు చూపే గ్రాఫ్) కుడి గోడకి తగలకుండా చూసుకుంటే మంచు మంచులా వస్తుంది. రా ఫైల్ (సెన్సర్ పట్టినదంతా అలాగే దాచే ఫైల్) తప్పనిసరి, వైట్ బ్యాలెన్స్ (రంగుల వెచ్చదనం, చల్లదనం) తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు. సూర్యోదయానికి ముందు ఆ నీలం చలిని పూర్తిగా తీసేయకండి, తీసేస్తే ఆ వేళే పోతుంది.

ఈ లెన్స్‌లో ఐఎస్ నాలుగు స్టాపుల దాకా (ఒక్కో స్టాపుకి షట్టర్ రెట్టింపు సేపు తెరిచి ఉంచొచ్చు) చేతి వణుకుని ఆపుతుందని కంపెనీ మాట. తెల్లవారే వెలుగులో 200 దగ్గర సెకనులో యాభయ్యో వంతుకి దిగినా చేత్తో పట్టుకుని షార్ప్ ఫోటోలు వస్తున్నాయి, నాకు అది చాలు. గడ్డి ఊగుతుంటే దాన్ని మాత్రం ఐఎస్ ఆపలేదు, అప్పుడు ఐఎస్ఓ (వెలుగుకి సెన్సర్ సున్నితత్వం) పెంచుకోవాల్సిందే. పల్చటి మంచులోంచి సూర్యుడికి ఎదురుగా తీసినా కాంట్రాస్టు నిలబడటం నాకు బాగా నచ్చే విషయం. హుడ్ (లెన్స్ ముందు తగిలించే గొట్టం) ఎప్పుడూ పెట్టే ఉంచండి, ఎండ కోసం కన్నా ముందు గాజు మీద మంచు బొట్లు చేరకుండా ఉండటానికి.

ఫిల్టర్ సైజు 67 ఎంఎం. ఫోకస్ చేసినా జూమ్ చేసినా ముందు గాజు తిరగదు కాబట్టి పోలరైజర్ (మెరుపు తగ్గించే, తిప్పి సరిచూసుకునే ఫిల్టర్) పెట్టుకోవడం తేలిక. చిక్కటి మంచులో దానితో పెద్దగా ఒరిగేదేమీ లేదు, వెలుగు బొట్ల మీద పడి అన్ని వైపులకీ చెదిరిపోతుంది, వెలుగు కొంత పోగొట్టుకోవడం తప్ప తేడా కనిపించదు. మంచు తగ్గాక మాత్రం దాన్ని లెన్స్‌కి బిగించండి. చిత్తడిలో నీళ్ల మీది మెరుపు తగ్గి, అడుగున నాచు, తడి ఆకుల అసలు రంగు బయటికొస్తాయి. పూర్తిగా తిప్పేస్తే నీళ్లలో కొండ నీడ కూడా పోతుంది, చూస్తూ తిప్పాలి.

తడి విషయంలో ఇది గట్టి లెన్స్. మౌంట్ (కెమెరాకి తగిలించే చోటు) దగ్గర రబ్బరు రింగు ఉంది, జూమ్ చేస్తే గొట్టం బయటికి సాగదు, పొడవు ఎప్పుడూ ఒక్కటే. బాడీ కూడా సీల్ చేసినదైతేనే దీనికి అర్థం, అది మర్చిపోవద్దు. చల్లటి గదిలోంచి ఒక్కసారిగా వెచ్చటి తేమ గాలిలోకి తెస్తే ఏ లెన్స్ అయినా ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాలా చెమట పడుతుంది. బ్యాగు జిప్ తీయకుండా కాసేపు బయట ఉంచి, తర్వాత తీయండి. తిరిగి వచ్చాక తుడిచి, ఆరనిచ్చి, సిలికా జెల్‌తో పెట్టండి.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ట్రైపాడ్ రింగు లెన్స్‌తో పాటు రాదు, విడిగా కొనాలి. మెత్తటి నేల మీద ట్రైపాడ్ వేసేవాళ్లకి అది అవసరం, రింగు లేకుండా బాడీకి బిగిస్తే బరువంతా ముందుకి లాగి, కాళ్లు బురదలోకి మెల్లగా దిగుతున్నప్పుడు ఫ్రేమ్ జారిపోతుంది. కాళ్లని ముందే గట్టిగా కిందికి నొక్కి, అవి కుదురుకున్నాక తీయడం మేలు. రంగు తెలుపు, దూరం నుంచే అందరికీ కనిపిస్తుంది, నిశ్శబ్దంగా పని చేసుకుందామనుకునేవాళ్లకి అది కాస్త చిరాకు. దగ్గరి ఫోకస్ 1.2 మీటర్లు, అంటే ఫుల్ ఫ్రేమ్ మీద జానెడు కన్నా కాస్త తక్కువ వెడల్పు దాకా పట్టొచ్చు. మంచు బొట్లు పట్టిన సాలెగూడు మొత్తానికి అది సరిపోతుంది, ఒక్క బొట్టుకి సరిపోదు. మొత్తం చెరువు ఒకే ఫోటోలో కావాలంటే కెమెరాని నిలువుగా పట్టుకుని మూడో వంతు కలిసేలా వరసగా తీసి కంప్యూటర్లో అతికించాలి. మంచు కదలకుండా ఉంటే బాగా అతుకుతుంది, వేగంగా కదులుతుంటే అతుకులు కనిపిస్తాయి.

ఒక మంచి సంగతి మాత్రం ఎవరూ పెద్దగా చెప్పరు. చిత్తడి నేలల్లో గడ్డిలోకి దిగి తొక్కకుండా గట్టు మీద నుంచే తీయగలగడం. ఆ గడ్డిలోనే పక్షులు గూళ్లు పెడతాయి, మనం దిగితే లేచిపోతాయి, ఫోటో కోసం అంత పని చేయకూడదు. 200 ఎంఎం ఉంటే ఆ అవసరమే రాదు.

ఎప్పుడూ ట్రైపాడ్ మీదే తీసేవాళ్లయితే ఐఎస్ లేని 1999 నాటి మోడల్ చూడొచ్చు, 705 గ్రాములే. 2018 నాటి రెండో వెర్షన్ 780 గ్రాములు, ఫిల్టర్ 72 ఎంఎం, మీటరు దూరం దాకా ఫోకస్ అవుతుంది, ఐఎస్ ఐదు స్టాపులని చెబుతారు. సాలెగూళ్లు, తుంగ కంకులు ఎక్కువ తీసేవాళ్లకి అది బాగుంటుంది. మిర్రర్‌లెస్ ఆర్ కెమెరాలకి కానన్ సొంత అడాప్టర్‌తో ఇవన్నీ ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తాయి. నికాన్ వాడేవాళ్లకి 2012లో వచ్చిన 70-200 ఎఫ్/4 ఉంది, 850 గ్రాములు, దానికీ ఫిల్టర్ 67 ఎంఎం. సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే రెండు మూతలూ తీసి, వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి ముందు నుంచి లోపలికి చూడండి. సాలెగూడు దారాల్లాంటివి కనిపిస్తే ఫంగస్, ఎంత తక్కువకి ఇస్తానన్నా వద్దు. తర్వాత కెమెరాకి తగిలించి 200 దగ్గర ఐఎస్ వేసి, షట్టర్ సగం నొక్కి, వ్యూ ఫైండర్‌లో బొమ్మ కుదురుగా నిలబడుతోందో లేదో చూసుకోండి.