టమాటా పూత నిలవాలంటే ఏది మేలు: ఆక్సినా, జిబ్బరెల్లినా, తుమ్మెదా?

ఫిబ్రవరి నెలాఖరు. ఏటి లంకలో టమాటా చేలో నడుస్తుంటే సాళ్ళ నిండా రాలిన పసుపు పూతే. మా అన్నయ్య కొడుకు ఒక పువ్వు ఏరి నా చేతిలో పెట్టాడు. "ఏం కొట్టమంటావు బాబాయ్? కొట్లో ప్లానోఫిక్స్ అంటున్నారు, జిబ్బరెల్లిక్ కూడా ఉందంటున్నారు."

ముందు ఆ పూకాడ చూడమన్నాను. దాని మధ్యలో చిన్న కణుపు ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. పువ్వు రాలేది సరిగ్గా అక్కడే, బ్లేడుతో కోసినట్టు. పువ్వులోంచి కాడలోకి ఆక్సిన్ అనే మొక్క హార్మోన్ దిగుతున్నంతకాలం ఆ కణుపు గట్టిగా ఉంటుంది. అది తగ్గి, రాల్చే హార్మోన్ ఇథిలీన్‌ది పైచేయి అయితే ఊడిపోతుంది.

ఆ ఆక్సిన్ వచ్చేది ఎక్కువగా గింజ కట్టే చోటునుంచే. పుప్పొడి పడి అండం ఫలదీకరణం అయ్యాక ఆక్సిన్ పెరుగుతుంది, దాని వెనకే జిబ్బరెల్లిన్ అనే మరో హార్మోన్ తయారవుతుంది. అప్పుడే పిందె మేల్కొంటుంది. మొదటి పది రోజులు, అటూ ఇటుగా, కణాలు ఒకటి రెండై, రెండు నాలుగవుతాయి. ఇందులో కణాలు విడిపోవడానికి తోడ్పడే హార్మోన్ సైటోకైనిన్ పాత్రా ఉంది. ఆ తర్వాత కణాలు ఉబ్బుతాయి, కాయ బరువు చాలావరకు అప్పుడే వస్తుంది. కాయ ఎంతవుతుందన్నది గోళీకాయంత ఉన్నప్పుడే సగం తేలిపోతుందన్నమాట.

ఇక ప్లానోఫిక్స్. అందులో ఉండేది ఎన్‌ఏఏ, మనుషులు తయారుచేసిన ఆక్సిన్. 4.5 శాతం సీసా అయితే 4.5 లీటర్ల నీళ్ళకి 1 మి.లీ., అంటే 10 పీపీఎం (పది లక్షల పాళ్ళలో పది పాళ్ళు). కణుపుని పట్టి ఉంచుతుంది, పుప్పొడి చచ్చుబడినా పిందె కట్టించగలదు. గింజ లేకుండా ఇలా కాయ కట్టించవచ్చని 1936లోనే గుస్టాఫ్‌సన్ అనే శాస్త్రవేత్త టమాటా మీద చేసి చూపించాడు. కానీ అలా కట్టిన కాయని అడ్డంగా కోసి చూడండి. గదుల్లో గుజ్జు తక్కువ, ఒక్కోసారి బోలుగా ఉంటుంది. గంపలో పైకి బాగానే కనిపిస్తుంది, నొక్కితే మెత్తగా లోపలికి పోతుంది. పైగా మోతాదు మించితే మొక్కలోనే ఇథిలీన్ పుట్టి, నిలబెట్టాల్సిన మందే రాలుస్తుంది.

ఒక సంగతి గట్టిగా చెప్పాలి. వరిలో కలుపుకి కొట్టే టూ ఫోర్ డీ కూడా ఆక్సినే. ఆ ట్యాంకుని పైపైన కడిగి ఓ ఏడాది టమాటాకి వాడాను. వారంలో చిగుళ్ళు దారాల్లా మెలిపడ్డాయి, ఆ చేను మళ్ళీ తేరుకోలేదు. టమాటాకి వేరే స్ప్రేయర్ పెట్టుకోండి, బతిమాలి చెబుతున్నాను.

జిబ్బరెల్లిన్ వరి రైతుకి కొత్త కాదు. నారుమడిలో కొన్ని మొక్కలు పాలిపోయి, మిగతావాటికన్నా పొడుగ్గా సాగుతాయి కదా, అది ఓ బూజు వదిలే పదార్థం పని. బూజు లేకుండా, అది పెరిగిన ద్రవం ఒక్కటే పోసినా నారు సాగుతుందని 1926లో కురొసావా అనే జపాన్ శాస్త్రవేత్త తేల్చాడు. టమాటాకి కొడితే పిందె కడుతుంది గానీ, లోపల కణాలు తక్కువ, ఉన్నవి పెద్దవి, కాయ చిన్నది. మొక్కా పీలగా సాగుతుంది. పూత కోసమని దీన్ని నేను కొననివ్వను.

మూడోది తుమ్మెద. టమాటా పుప్పొడి కేసరాల గొట్టంలో ఉంటుంది, పువ్వు అదిరితేనే రాలుతుంది. తేనెటీగకి ఆ అదిరింపు చేతకాదు, తుమ్మెద మాత్రం జుమ్మని పట్టి దులుపుతుంది. తుమ్మెదలు లేకపోతే పొద్దున తొమ్మిది, పది గంటలకి మొక్కలు కట్టిన తీగల్ని కర్రతో మెల్లగా తట్టండి. గింజ కట్టిన కాయకి హార్మోన్లు అన్నీ వేళకి, తగిన పాళ్ళలో అందుతాయి. ఏ సీసా ఆ పని పూర్తిగా చేయలేదు.

అయితే పగలు 35, రాత్రి 22 డిగ్రీలు దాటితే పుప్పొడికే సత్తువ పోతుంది, ఎంత తట్టినా లాభం తక్కువ. అందుకే నా లెక్క ఇది. వరద తీసిన ఒండ్రులో అక్టోబరులో నాటి, డిసెంబరు, జనవరి చలికి పూత అందించగలిగితే ఏ మందూ వద్దు. పూత ఎండల్లోకి జారితే ఎన్‌ఏఏ, అదీ గుత్తుల మీద పడేలా, సాయంత్రం పూట.

మావాడు ఇంకా నమ్మలేదు. రెండు సాళ్ళకి ఎన్‌ఏఏ కొట్టి, పక్క రెండు సాళ్ళు రోజూ తడుతున్నాడు. గుత్తులకి ఎర్ర దారం, తెల్ల దారం కట్టాం. కాయలు ఊరాక రెండు వైపులవీ కోసి చూస్తాం.