వంటనూనెల్లో కొవ్వు ఆమ్లాల పరీక్ష: గ్యాస్ క్రొమటోగ్రఫీతో 9 ఏళ్ల అనుభవం

అనంతపురంలో ఒక నూనె మిల్లుకు చెందిన చిన్న ల్యాబ్‌లో 9 ఏళ్లుగా వంటనూనెల కొవ్వు ఆమ్లాలను గ్యాస్ క్రొమటోగ్రఫీతో, అంటే వాటిని ఆవిరిగా మార్చి ఒక్కోదాన్ని విడదీసి కొలిచే యంత్రంతో, పరీక్షిస్తున్నాను. యంత్రం ఏ కంపెనీదైనా పెద్దగా తేడా లేదు. ఫలితాల్లో వచ్చిన తప్పుల్లో చాలావాటికి మూలం నూనెను సులువుగా ఆవిరయ్యే మిథైల్ ఎస్టర్లుగా మార్చే దశలోనే దొరికింది.

రోజువారీ పనికి మేము వాడేది పొటాషియం హైడ్రాక్సైడ్ పద్ధతి. 0.1 గ్రాము నూనెను 2 మి.లీ. హెప్టేన్‌లో కరిగించి, మిథనాల్‌లో కరిగించిన 2 నార్మల్ గాఢత పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం 0.2 మి.లీ. పోసి, అర నిమిషం గట్టిగా కుదిపి, తేరుకున్న పైపొరను ఇంజెక్ట్ చేస్తాము. వేడి చేయవలసిన అవసరమే లేదు. రిఫైన్డ్ నూనెలకు ఇంతకంటే సులువైన దారి నాకు కనబడలేదు. అయితే ఈ పద్ధతి విడిగా ఉన్న కొవ్వు ఆమ్లాలను ఎస్టర్లుగా మార్చదు. అవి సబ్బుగా మారి మన లెక్కలోకి రాకుండా పోతాయి. వానకు తడిసిన బుడ్డలను (వేరుశనగలను) ఆడించిన గానుగ నూనెలో ఆమ్లత ఎక్కువ కనుక, అలాంటి నమూనాలకు బోరాన్ ట్రైఫ్లోరైడ్ పద్ధతే నమ్మదగినది. అది ఖరీదైనది, విషపూరితమైనది, ఫ్రిజ్‌లో పెట్టకపోతే పాడయ్యేది. ఒక సరఫరాదారు నడి మే నెలలో ఐసు లేకుండా పంపిన సీసా వల్ల ఎక్కడివో తెలియని పీకులు (గ్రాఫులో ఒక్కో పదార్థానికి లేచే శిఖరాలు) వచ్చి మాకు రెండు వారాలు వృథా అయ్యాయి. అప్పటి నుంచి ప్రతి కొత్త సీసాకు నూనె లేకుండా ఖాళీ పరీక్ష చేయనిదే నేను మొదలుపెట్టను.

మా సొంత తెలివితక్కువతనం వల్ల జరిగిన తప్పు ఇంకొకటి. సమయం కలిసి వస్తుందని, 18 కర్బనాల ఆమ్లాలు బయటికి రాగానే రన్ (ఆ నమూనా పరీక్ష) ఆపేసేవాళ్లం. ఒకరోజు పొద్దుతిరుగుడు నూనెలో వెడల్పాటి మూపురం లాంటి పీకు కనిపిస్తే, నమూనా ఎక్కించే చోట ఉండే సెప్టమ్, లైనర్ మార్చి రెండు రోజులు తంటాలు పడ్డాము. చివరికి చూస్తే అది అంతకుముందు ఎక్కించిన వేరుశనగ నూనె తాలూకు 22 కర్బనాల బెహెనిక్ ఆమ్లం. పైగా పీకుల విస్తీర్ణాలన్నీ కలిపి 100 శాతంగా లెక్కిస్తాము కాబట్టి, ఆలస్యంగా వచ్చే ఆ పొడవు గొలుసు ఆమ్లాలను వదిలేసినన్నాళ్లూ ఓలిక్ ఆమ్లాన్ని ఎక్కువగా చూపుతూ వచ్చామన్నమాట.

కల్తీని పట్టే విషయంలో ఈ యంత్రానికి హద్దులున్నాయి. పామోలిన్‌లో పామిటిక్ ఆమ్లం సుమారు 40 శాతం ఉంటుంది కనుక, వేరుశనగ నూనెలో అయిదో వంతు కలిపినా బయటపడుతుంది. ఆదోని వైపు నుంచి వచ్చే పత్తి గింజల నూనెలో అది 20 శాతానికి కాస్త ఎక్కువ మాత్రమే. పదో వంతు కలిపితే పెరిగేది దాదాపు ఒక శాతం, అది వేరుశనగకు సహజంగా ఉండే హెచ్చుతగ్గుల్లోనే కలిసిపోతుంది. అక్కడ గంధకం, కార్బన్ డైసల్ఫైడ్, అమైల్ ఆల్కహాల్‌తో పత్తి గింజల నూనె ఉంటే ఎర్ర రంగు చూపే పాత హాల్ఫెన్ పరీక్షే ఆదుకుంది, ఆ కంపును భరించగలిగితే. బాగా వేడికి గురైన నూనెలో ఆ రంగు కూడా నమ్మకంగా రాదు.

దీనికి వ్యతిరేకంగా, క్రొమటోగ్రఫీ లేకపోతే తప్పు తీర్పు చెప్పే సందర్భమూ ఉంది. మామూలు వేరుశనగ నూనె అయోడిన్ విలువ (నూనె ఎంత అసంతృప్తమో చెప్పే అంకె) 85 నుంచి 99 మధ్య ఉంటుంది. గిర్నార్-4 వంటి హై ఓలిక్ రకాల నూనెలో ఓలిక్ ఆమ్లం 80 శాతం దరిదాపుల్లో ఉండి, లినోలిక్ బాగా తగ్గడం వల్ల ఆ విలువ 85 కంటే దిగువకు పడిపోతుంది. ఆ విలువను తేల్చే టైట్రేషన్ ఒక్కటే చూస్తే స్వచ్ఛమైన నూనెనే కల్తీ అనవలసి వస్తుంది.

కరెంటు పోయిన రోజున, లేదా యంత్రానికి కావలసిన హైడ్రోజన్ సిలిండరు రాని వారంలో, వేరుశనగ నూనెకు మా ల్యాబ్‌లో ఇప్పటికీ బెలియర్ పరీక్షే చేస్తాము. సబ్బుగా మార్చిన నూనెను ఆమ్లం కలిపిన 70 శాతం ఆల్కహాల్‌లో నెమ్మదిగా చల్లారుస్తుంటే, 39 నుంచి 41 డిగ్రీల మధ్య ద్రావణం మసకబారుతుంది. ఆ మసకకు కారణం మేము రన్ ఆపేసి పోగొట్టుకున్న పొడవు గొలుసు ఆమ్లాలే. మా ఊరి ఏప్రిల్‌లో గది వేడే 40 డిగ్రీలకు చేరుతుంది కాబట్టి, అది చల్లారేందుకు ఒక బకెట్ నీళ్లు దగ్గర పెట్టుకుంటాను.