ట్యూబ్‌లైటు కింద చూపించే 3000 ఆర్పీఎం నమ్మి 450 హెలికాప్టర్ కొనకండి

బరంపురం, ఇచ్ఛాపురం, పర్లాకిమిడి వైపు సెకండ్ హ్యాండ్‌లో 450 సైజు ఎలక్ట్రిక్ హెలికాప్టర్ (రిమోట్‌తో ఎగరేసే మోడల్) చూస్తున్నవాళ్ళు కాస్త ఆగండి. “ట్యూనింగ్ అంతా అయిపోయింది, బ్యాటరీ పెట్టి ఎగరేసుకోవడమే” అంటూ గదిలోనే తిప్పి, టాకోమీటరులో (తిరిగే వేగం కొలిచే మీటరు) 3000 చూపించి అంటగడుతున్నారు.

ఆ 3000 రోటరుది కాదు, లైటుది. మన కరెంటు 50 హెర్ట్జ్. చోక్ ఉన్న ట్యూబ్‌లైటు సెకనుకు 100 సార్లు, అంటే నిమిషానికి 6000 సార్లు మినుకుతుంది. రెండు బ్లేడ్ల సెట్టింగులో ఉన్న ఆప్టికల్ టాకో (వెలుగు మినుకులు లెక్కపెట్టే రకం) దాన్ని సగం చేసి 3000 అంటుంది. హెలికాప్టర్ ఆపేసి టాకోని లైటు వైపు పెట్టమనండి, అంకె కదలదు. కొన్ని ఎల్‌ఈడీలదీ ఇదే వరస. కొలత ఆరుబయట, పగటి వెలుతురులోనే.

పినియన్ (మోటారు ఇరుసు మీది చిన్న గేరు) పళ్ళు మీరే లెక్కపెట్టండి. 3500 కేవీ (అంటే వోల్టుకి 3500 చుట్లు) మోటారు, 3 సెల్ బ్యాటరీ (11.1 వోల్టులు), 11 పళ్ళ పినియన్, 150 పళ్ళ మెయిన్ గేర్ అయితే 3500 × 11.1 × 11 ÷ 150 = 2849. లోడు మీద అందులో 85 శాతం వేసుకుంటే ఫుల్ థ్రాటిల్‌లో 2420 దగ్గర. ఇక 3000 ఎక్కణ్ణుంచి వస్తుంది? పన్ను ఒకటి పెరిగితే సుమారు 220 పెరుగుతుంది. అదే సెటప్‌కి 4 సెల్ తగిలిస్తే 3230 దగ్గరికి పోతుంది, బ్లేడ్ గ్రిప్పుల మీద లాగుడు దాదాపు 1.8 రెట్లవుతుంది. చెక్క బ్లేడ్లుంటే దగ్గర నిలబడకండి.

అసలు మోసం ఈఎస్‌సీలో (మోటారు వేగాన్ని నడిపించే ఎలక్ట్రానిక్ కంట్రోలర్) ఉంటుంది. కాలిబ్రేషన్ (స్టిక్ పై చివర, కింది చివర ఏవో ఈఎస్‌సీకి నేర్పడం) చేసేటప్పుడు రిమోట్‌లో థ్రాటిల్ కర్వ్ (స్టిక్ ఎక్కడుంటే మోటారుకి ఎంత శాతం వెళ్ళాలో చెప్పే సెట్టింగు) 0-25-50-75-100 ఉండాలి. కర్వ్ 70 దగ్గర ఆగి ఉండగా చేస్తే ఈఎస్‌సీ 70నే ఫుల్ అనుకుంటుంది. తర్వాత తెరమీద 70 కనిపిస్తున్నా మోటారు పూర్తిగా తెరుచుకునే ఉంటుంది. గవర్నర్‌కి (రోటరు వేగం పడకుండా నిలిపే ఈఎస్‌సీ మోడ్) పైన జాగా మిగలదు. పిచ్ (బ్లేడ్ల వాలు) ఇవ్వగానే వేగం పడిపోతుంది, తోక ఊగుతుంది. అమ్మినవాడు “జైరో గెయిన్ (తోకని నిలిపే సెన్సరు చురుకుదనం) తగ్గించు” అంటాడు. రోగం ఒకచోట, మందు ఇంకోచోట!

కొన్నాక మొదటి పని మళ్ళీ కాలిబ్రేషన్. మెయిన్ బ్లేడ్లు, టెయిల్ బ్లేడ్లు తీసేయండి. మోటారుని వెనక్కి జరిపి గేరు నుంచి విడదీయండి, వైర్లు మాత్రం ఊడదీయకండి, బీప్ కొట్టేది ఆ మోటారే. థ్రాటిల్ హోల్డ్ (మోటారుని ఆపి ఉంచే స్విచ్) తీసి, స్టిక్ పైన పెట్టి బ్యాటరీ తగిలించండి. బీప్ రాగానే కిందికి దించండి. తర్వాత గవర్నర్ మోడ్ ఆన్ చేసి, ఐడిల్ అప్ (స్టిక్ దించినా రోటరు వేగం తగ్గని మోడ్) కర్వ్‌ని 70 దగ్గర తిన్నగా పెట్టి, బయట కొలవండి. కర్వ్‌ని 85 దాటనివ్వకండి.

వేగం ఎక్కువగా ఉందని కర్వ్‌ని 50కి దించి నెట్టుకురాకండి. సగం థ్రాటిల్‌లోనే ఈఎస్‌సీ ఎక్కువ కాగుతుంది. ఒక పన్ను తక్కువ పినియన్ వేసుకోండి. బిగించేటప్పుడు రెండు గేర్ల మధ్య సన్నని కాగితం ముక్క పెట్టి నొక్కి, తర్వాత లాగేయండి. కాగితం చిరగకుండా మడతలు పడి బయటికొస్తే సందు సరిపోయినట్టు.

ట్రయలుకి గోపాల్‌పూర్ బీచ్ మాత్రం వద్దు, పక్కనే ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ. కోతలైపోయిన పొలం చాలు. డబ్బు చేతులు మారేది కూడా అక్కడే, పగటి వెలుతురులో టాకో చూశాకే.