వంగిన చర్నాకోల: ఐదేళ్ల మిర్రర్‌లెస్ వాడకం, రాబోయే షట్టర్ మీద ఆశ

కడప చుట్టుపక్కల తిరునాళ్లలో బండలాగుడు పోటీ చూసినవారికి ఆ క్షణం తెలుసు. ఎద్దులు కాడి కింద మెడలు దించి ఒక్కసారిగా ముందుకు ఒరుగుతాయి. వెనక బండ కదులుతుంది. ఎర్రదుమ్ము లేస్తుంది. పక్కన పరుగెత్తే మనిషి చేతిలో చర్నాకోల గాలిని కోస్తుంది. 2022 వేసవిలో అలాంటి ఒక పోటీలో నా కెమెరాను ఎలక్ట్రానిక్ షట్టర్‌లో పెట్టి వందల ఫొటోలు తీశాను. ఇందులో లోపలి షట్టర్ తెరలు కదలవు, బొమ్మ పట్టే చిప్పు (సెన్సర్) ఒక్కటే పనిచేస్తుంది, కనుక షట్టర్ అరగదు కదా అన్నది నా లెక్క. రాత్రి ఇంటికొచ్చి కంప్యూటర్‌లో తెరిచి చూస్తే చర్నాకోల కర్ర కొడవలిలా వంగి ఉంది. పరుగెత్తే మనిషి పక్కకు వాలిపోయాడు. ఎద్దుల కాళ్లు ఏటవాలుగా సాగాయి. అందులో ఒక్క ఫొటో కూడా ఎద్దుల యజమానికి ఇవ్వలేకపోయాను. ఎద్దులను బిడ్డల్లా సాకే మనిషికి వంకర కాళ్ల ఎద్దును చూపించడం ఎలా?

నాది 24 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్, అంటే పాత 35 ఎంఎం ఫిల్మంత సెన్సర్ ఉండి, లోపల అద్దం లేని కెమెరా. ఐదేళ్లకు పైగా పెళ్లిళ్లకు, తిరునాళ్లకు, నాటకాలకు అదే నా అన్నం గిన్నె. ఇక్కడ చెప్పేది ఆ తరం కెమెరాల్లో చాలావాటికి వర్తిస్తుంది కనుక మోడల్ పేరు పక్కన పెడుతున్నాను. మంచి విషయాలు ముందే చెప్పేస్తాను. కంటిని పట్టుకునే ఫోకస్ నా పనిని సగం తేలిక చేసింది. తీయబోయే ఫొటో వెలుతురు ఎలా ఉంటుందో వ్యూఫైండర్‌లోనే కనిపించడం నాకు ఇప్పటికీ వరంలాగే అనిపిస్తుంది. చేతి వణుకును సెన్సరే సర్దుకుంటుంది. మే నెల ఎండలో వీడియో తీస్తే బాడీ వేడెక్కుతుంది గానీ ఫొటోల పనిలో నన్ను ఎప్పుడూ ఆపలేదు. రంగుల మీద నాకు ఫిర్యాదు లేదు.

నా ఫిర్యాదంతా సెన్సర్ నెమ్మది మీదే. ఎలక్ట్రానిక్ షట్టర్‌లో సెన్సర్ బొమ్మను ఒకేసారి చదవదు. పై వరుస నుంచి కింది వరుస దాకా ఒక్కొక్కటిగా చదువుతుంది. నా కెమెరా తరగతి సెన్సర్లకు ఇందుకు సుమారు సెకనులో ఇరవయ్యో వంతు, అంటే 50 మిల్లీ సెకన్లు పడుతుంది. మనం షట్టర్ వేగం సెకనులో 1/2000 పెట్టినా ఈ చదివే సమయం తగ్గదు. ప్రతి వరుసా స్పష్టంగానే వస్తుంది గానీ, మొదటి వరుసకూ చివరి వరుసకూ మధ్య లోకం కదిలిపోతుంది. మెకానికల్ షట్టర్‌లో తెర సెన్సర్ ముందు నుంచి దాదాపు 4 మిల్లీ సెకన్లలో దాటిపోతుంది. ఈ యాభైకీ నాలుగుకూ మధ్య తేడాయే నా ఐదేళ్ల కథ.

పెళ్లి మండపంలో ఇదే తేడా మరో రూపంలో ఎదురైంది. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులది. నాసిరకం ఎల్‌ఈడీ దీపాలు సెకనుకు వందసార్లు మినుకుతాయి. కంటికి తెలియదు, సెన్సర్‌కు తెలుస్తుంది. 50 మిల్లీ సెకన్లు చదివేలోగా దీపం ఐదుసార్లు మినుకుతుంది. బొమ్మ మీద ఐదు అడ్డచారలు పడతాయి. ఒక ముహూర్తంలో శబ్దం రాకుండా తీద్దామని ఎలక్ట్రానిక్ షట్టర్‌కు మార్చాను. మేళం మోగుతుంటే షట్టర్ శబ్దం ఎవరికి వినిపిస్తుంది, ఆ జాగ్రత్తే అనవసరం. మాంగల్యధారణ ఫొటోలో పెళ్లికూతురి ముఖం మీద నుంచి ఒక చార పోయింది. రెండో కెమెరాలో మెకానికల్ షట్టర్‌తో తీసినవి ఉన్నాయి కనుక పరువు దక్కింది. ఆ రోజు నుంచి మండపంలో ఎలక్ట్రానిక్ షట్టర్‌ను ముట్టుకోలేదు.

నిశ్శబ్దం నిజంగా కావలసింది నాటకాల్లో. సురభి నాటకాలు 1885లో పుట్టిన జిల్లా మాది. పద్యం అందుకునే ముందు నటుడు ఊపిరి పీల్చుకుంటాడు, జనమంతా చెవులు రిక్కిస్తారు. అప్పుడు టక్కుమని షట్టర్ మోగితే ముందు వరుసలోని పెద్దలు వెనక్కి తిరిగి చూస్తారు. ఆ చూపు నాకు రెండుసార్లు తగిలింది. పాత పసుపుపచ్చ బల్బులుంటే నిశ్శబ్దంగా తీసి గట్టెక్కుతాను. ఎల్‌ఈడీలుంటే 1/100కో 1/50కో దిగి, నటుడు కదలని క్షణం కోసం కాచుకుంటాను.

ఇక మెకానికల్ షట్టర్ గురించి. కంపెనీ లెక్కన అది 2 లక్షల ఫొటోల దాకా పరీక్షించిన భాగం. నాది లక్షా అరవై వేలు దాటాక ఒక రిసెప్షన్‌లో శబ్దం మారింది, ఆ తర్వాత సగం బొమ్మ నల్లగా రావడం మొదలైంది. బాగుకు బెంగళూరు పంపితే మూడు వారాలు పట్టింది. పెళ్లిళ్ల కాలంలో మూడు వారాలంటే ఏమిటో ఈ వృత్తిలోవారికి చెప్పనక్కరలేదు. అందుకే కదిలే భాగమే లేని షట్టర్ రావాలని నాకంటే గట్టిగా కోరుకునేవారు ఉండరు.

అది ఇప్పటికే వచ్చింది కూడా, మన అందుబాటులో లేదంతే. చదివే వేగాన్ని పెంచే స్టాక్డ్ సెన్సర్‌లో వెలుతురు పట్టే పొర వెనకే లెక్కలు చేసే పొర, జ్ఞాపకంలో దాచుకునే పొర పేర్చి ఉంటాయి. ఫుల్‌ఫ్రేమ్‌లో దీన్ని 2017లో సోనీ ఏ9 తెచ్చింది. 2021 అక్టోబరులో నికాన్ జెడ్9 మెకానికల్ షట్టర్‌నే తీసేసింది. దాని సెన్సర్ 45.7 మెగాపిక్సెళ్లను సుమారు 4 మిల్లీ సెకన్లలో చదివేస్తుంది. అంటే తెర వేగాన్ని సెన్సర్ అందుకుంది. తెర తీసేసే హక్కు దానికి వచ్చింది. కెమెరా ఆపినప్పుడు సెన్సర్‌ను దుమ్ము నుంచి కాచే మూతను మాత్రం వదల్లేదు. బండలాగుడు దుమ్ములో లెన్స్ మార్చినవాడిగా ఆ ఆలోచనకు దండం పెడతాను.

2023 నవంబరులో ప్రకటించిన సోనీ ఏ9 మూడో తరం (ఏ9 3) మరో అడుగు వేసింది. అది గ్లోబల్ షట్టర్. వరుసల గొడవే లేదు, 24.6 మెగాపిక్సెళ్లూ ఒకే క్షణంలో పట్టుకుంటుంది. షట్టర్ వేగం 1/80000 దాకా వెళ్తుంది, ఏ వేగంలోనైనా ఫ్లాష్ పనిచేస్తుంది. ఈ ఫ్లాష్ విషయం నన్ను పట్టి కుదిపింది. మిట్టమధ్యాహ్నం ఎండలో వధూవరులను నిలబెడితే కళ్ల కింద నీడలు పడతాయి. వాటిని నింపడానికి ఫ్లాష్ కావాలి. నా కెమెరాలో షట్టర్ వేగం 1/200 దాటితే ఫ్లాష్ వెలుగు పూర్తి బలంతో బొమ్మ మొత్తానికీ అందదు. దాటించే పద్ధతి ఉంది గానీ వెలుగు చాలావరకు వృథా అవుతుంది. నాకు పని నేర్పిన పెద్దాయన దగ్గర 2004 నాటి నికాన్ డి70 ఉండేది. అందులోది పాత రకమైన సీసీడీ సెన్సర్, ఫ్లాష్ 1/500 దగ్గర కలిసేది. "ఇరవై ఏళ్ల కిందటే మిట్టమధ్యాహ్నం ఐదువందల దగ్గర ఫ్లాష్ కొట్టాం నాయనా. మీ కొత్త కెమెరాలకు ఏమైంది?" అని ఆయన ఇప్పటికీ అడుగుతారు. నా దగ్గర జవాబు లేదు. సీసీడీ పోయి ఇప్పటి రకమైన సీమాస్ సెన్సర్ వచ్చినప్పుడు చాలా లాభాలు వచ్చాయి, ఈ ఒక్కటి పోయింది. ఇరవై ఏళ్ల తర్వాత 5 లక్షలకు పైబడిన ధరతో తిరిగొచ్చింది.

దానికి మూల్యం ధర ఒక్కటే కాదు. గ్లోబల్ షట్టర్‌లో ప్రతి పిక్సెల్ తన వెలుతురును చదివేదాకా దాచుకోవాలి. ఆ దాచుకునే చోటు కోసం వెలుతురు పట్టే చోటు తగ్గుతుంది. అందుకే ఏ9 3లో ఐఎస్ఓ, అంటే వెలుతురుకు కెమెరా చూపే సున్నితత్వం, 250 నుంచి మొదలవుతుంది. గండికోటలో తెల్లవారుజామున నిలబడితే దీని అర్థం తెలుస్తుంది. పెన్న లోయ అడుగు ఇంకా చీకట్లో ఉంటుంది, అంచు రాళ్లు అప్పటికే నిప్పులా ఎర్రబారతాయి. ఐఎస్ఓ 100లో తీసి, ఆ చీకటిని తర్వాత మూడు మెట్లు పైకి లాగితే నా పాత సెన్సర్ ఇప్పటికీ శుభ్రంగా ఇస్తుంది. ఈ బలాన్ని వదులుకుని వేగం కొనమంటే నేను కొనను.

రాబోయే కెమెరాల గురించి నా అంచనా ఈ అనుభవం నుంచే వచ్చింది. మధ్యతరగతి ధరలోకి గ్లోబల్ షట్టర్ ఇప్పట్లో దిగదు. దిగేది పాక్షిక స్టాక్డ్ సెన్సర్. బొమ్మ పట్టే భాగానికి పైనా కిందా మాత్రమే వేగంగా చదివే సర్క్యూట్లు పెట్టే పద్ధతి ఇది. 2024 జూన్‌లో నికాన్ జెడ్6 3 దీన్ని తెచ్చింది, 2025లో పానాసోనిక్ ఎస్1 రెండో తరం అదే దారిలో వచ్చింది. తన ముందుతరం జెడ్6 2 కంటే జెడ్6 3 సెన్సర్ 3.5 రెట్లు వేగంగా చదువుతుందని నికాన్ చెప్పింది. నా 50కి ఆ లెక్క కడితే 14 వస్తుంది. ఐదు చారలు ఒకటిన్నరకు తగ్గుతాయి. చర్నాకోల ఇంకా కొంచెం వంగుతుంది. జెడ్6 3లో నీడలను పైకి లాగితే పాతదానికంటే కాస్త ఎక్కువ గరుకు కనిపిస్తుందని పరీక్షల్లో తేలింది. వచ్చే తరంలో ఈ 14 సగానికి దిగి, ఆ గరుకు కూడా తగ్గితే నేను అప్పు చేసైనా కొంటాను.

నా భయం మరొకటి. ఖర్చు తగ్గించడానికి సెన్సర్ వేగం అందుకోకముందే మెకానికల్ షట్టర్‌ను పీకేస్తారని. ఇది ఊహ కాదు. 2019 నాటి సిగ్మా ఎఫ్‌పీలో మెకానికల్ షట్టర్ లేదు, సెన్సర్ మామూలుదే, ఫ్లాష్ 1/30 దగ్గరే ఆగిపోయింది. సోనీ ఏ7సీ, కెనాన్ ఆర్8ల్లో సెన్సర్‌ను తెరిచే ముందు తెర తీసేసి, మూసే వెనక తెర ఒక్కటే ఉంచారు. వీటిలో పెద్ద అపెర్చర్ లెన్స్‌తో, అంటే వెలుతురు ద్వారం పెద్దగా తెరుచుకునే లెన్స్‌తో, ఎక్కువ షట్టర్ వేగం వాడితే వెనక మసకలోని వెలుగు గుండ్రాలు కోసినట్టు వస్తాయి. పెళ్లిళ్లు తీసేవాడు మధ్యతరహా కెమెరా కొంటే అందులో మెకానికల్ షట్టర్ పూర్తిగా ఉందో లేదో అడిగి తీరాలి. చాలా కంపెనీలు మెగాపిక్సెళ్లను పెట్టె మీద పెద్ద అక్షరాల్లో వేస్తాయి. సెన్సర్ ఎన్ని మిల్లీ సెకన్లలో చదువుతుందో ఎక్కడా రాయవు. కొనేవాడికి అన్నిటికంటే ముందు చెప్పాల్సిన అంకె అది.

ఆ అంకె చెప్పకపోయినా తెలుసుకునే దారి ఒకటుంది. దుకాణంలో కెమెరా చేతికిచ్చినప్పుడు సైలెంట్ (ఎలక్ట్రానిక్) షట్టర్ పెట్టి, షట్టర్ వేగం 1/1000కు పెంచి, పైన తిరిగే ఫ్యాన్‌ను ఫొటో తీయండి. నిమిషానికి 300 చుట్లు తిరిగే ఫ్యాన్ 50 మిల్లీ సెకన్లలో పావు చుట్టు తిరిగేస్తుంది, రెక్కలు అరటి ఆకుల్లా వంగి కనిపిస్తాయి. 4 మిల్లీ సెకన్లలో అది ఏడు డిగ్రీలే తిరుగుతుంది. రెక్క తిన్నగా ఉంటే ధర అడగండి.